బరువెక్కిన షట్టరును ఎవరు లేపుతున్నారు?

మా వైపు దుకాణపు గదిని కూడా షట్టరు అనే అంటారు. "రోడ్డు మీద మూడు షట్టర్లు కట్టిన, రెండు కిరాయికి ఇచ్చిన" అని ఇంటి యజమాని చెబితే వినేవాడికి మూడు మడిగలు కళ్ల ముందు మెదులుతాయి. గదికే తన పేరు ఇచ్చిన ఆ ఇనుప తలుపు పైన, రేకు కప్పు వెనక ఉండే స్ప్రింగులను చూసినవాళ్లు మాత్రం వరంగల్‌లో దుకాణాలు నడిపేవారిలో తక్కువే ఉంటారు. ఎనుమాముల మార్కెట్‌కు పోయే దారిలో పందొమ్మిదేళ్లుగా విత్తనాలు, ఎరువుల దుకాణం నడుపుతున్న నేను కూడా కిందటి సంవత్సరం జూన్ వరకు చూడలేదు. చూడకపోవడం వల్ల నాకేమీ కాలేదు. దెబ్బ తగిలింది మా దుకాణంలో పనిచేసే మనిషికి, అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను.

మృగశిర కార్తె వచ్చి నాలుగు చినుకులు పడగానే పత్తి విత్తనాల కోసం రైతులు తెల్లవారకముందే బయలుదేరి వస్తారు. ఆ రోజు ఏడున్నరకు మేం తలుపు తీసే సమయానికే గద్దె మీద పది మంది దాకా కూర్చొని ఉన్నారు. మా మనిషి తాళాలు తీసి, కొక్కెం పట్టుకొని షట్టరును నడుము ఎత్తు దాకా లేపి, అక్కడి నుంచి భుజం ఆనించి పైకి తోస్తుండగా, పైన బస్తా కుట్టు తెగినట్టుగా కాక టైరు పేలినట్టుగా ఒక్క శబ్దం వచ్చింది. షట్టరు ఎడమ వైపుకు ఒరిగి, ఒక పక్క గైడులో, అంటే తలుపు అంచు జారే గాడిలో పట్టేసి, రెండో పక్క కిందికి జారి, అడుగు పట్టీ అతని రెక్క ఎముక మీద పడింది. గైడులో పట్టేయడం వల్లనే బరువంతా ఒక్కసారి దిగలేదు, లేకపోతే ఏమయ్యేదో తలచుకోవడానికి కూడా నాకు ఇష్టం లేదు. రైతులే నలుగురు చేతులు వేసి షట్టరును పట్టుకున్నారు. ఎముక విరగలేదు కానీ, మూడు వారాలు అతను కుడి చెయ్యి భుజం పైకి ఎత్తలేకపోయాడు.

మధ్యాహ్నం కాజీపేట నుంచి ఒక పెద్ద మేస్త్రి ఇద్దరు సహాయకులతో వచ్చాడు. అరవై దాటిన మనిషి, ముంజేతి మీద మోచేయి దాకా పాత గాటు ఉంది. అది పైపు పానా జారినప్పటి గుర్తు అని తరువాత చెప్పాడు. ముందుగా షట్టరును పూర్తిగా పైకి చుట్టించి, అది విప్పుకోకుండా రెండు చోట్ల తాడుతో గట్టిగా కట్టించాడు. ఆ తరువాత షట్టరు చుట్ట మధ్యలో ఉండే పైపును గోడ బ్రాకెట్‌లో పట్టి ఉంచే క్లాంపు దగ్గర పానా వేసి, దాని పిడికి ఎదురుగా కాక పక్కకు నిలబడి, బోల్టును అర చుట్టు వదిలి, పైపు తిరగబోతుంటే పానాతో ఆపుతూ, మళ్లీ కొంచెం వదులుతూ, పైపులో బిగిసి ఉన్న చుట్లన్నీ ఒక్కొక్కటిగా దింపాడు. ఆ పావుగంట సేపు అతను ఎవరితోనూ మాట్లాడలేదు. చుట్టను మొత్తంగా కిందికి దించి, పైపు మీది మూడు స్ప్రింగు డబ్బాలనూ విప్పి చూస్తే, అందులో రెండు స్ప్రింగులు విరిగి ఉన్నాయి.

నేను ఒకటే విరిగిందనుకున్నాను, ఎందుకంటే విన్నది ఒక్క శబ్దమే. మేస్త్రి రెండు ముక్కలను నా అరచేతిలో పెట్టాడు. రెండంగుళాల లోపు వెడల్పు, వేలి గోరంత మందం ఉన్న స్ప్రింగు పట్టీ కొనలు అవి. మొదటి దాని విరుపు ముఖం మొత్తం తుప్పు పట్టి గోధుమ రంగుకు తిరిగింది. రెండో దాని విరుపులో మూడు వంతులు అదే తుప్పు రంగు, మిగిలిన ఒక్క వంతు మాత్రం అప్పుడే కడిగిన వెండి గ్లాసు అంచులా మెరుస్తోంది. పగులు ఎప్పుడో మొదలై, లోపలికి గాలి, తేమ పోయి తుప్పు పడుతూ వచ్చిందనీ, ఆ రోజు ఉదయం తెగింది మెరుస్తున్న ఆ కొంచెం భాగమేననీ చెప్పడానికి మరో సాక్ష్యం అక్కరలేదు. తుప్పు పట్టిన మొదటి ముక్కను చూపించి మేస్త్రి అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది: "గిది ఇయ్యాల ఇరిగింది గాదు సేటు, ఎన్నడో ఇరిగింది. గిన్ని దినాలు దీని బరువు మీ మనిషే మోసిండు."

ఆ మాట ఎంత నిజమో తెలియాలంటే స్ప్రింగు చేసే పని ఏమిటో తెలియాలి. మాది పది అడుగుల వెడల్పు, తొమ్మిది అడుగుల ఎత్తు ఉన్న షట్టరు. 1.2 మిల్లీమీటర్ల మందం ఉన్న ఉక్కు రేకు చదరపు మీటరుకు సుమారు 9.4 కిలోలు తూగుతుంది. పట్టీల అంచులు ఒకదానిలో ఒకటి ఇరుక్కునేలా వంపు తిప్పడానికి ఇంకా రేకు పడుతుంది కనుక, ఎనిమిది చదరపు మీటర్లు దాటిన మా తలుపు మొత్తం బరువు వంద కిలోలకు తక్కువ ఉండదు. అంత బరువును రోజూ ఒక్క మనిషి చేత్తో లేపగలుగుతున్నాడంటే, లేపుతున్నది నిజానికి స్ప్రింగులే. పైపు కదలదు, దాని మీది డబ్బాలు తిరుగుతాయి. ఒక్కో డబ్బాలో చుట్టిన ఉక్కు పట్టీ లోపలి కొన పైపుకు, బయటి కొన డబ్బాకు పట్టుకొని ఉంటుంది. షట్టరు కిందికి దిగుతున్న కొద్దీ వేలాడే బరువు పెరుగుతుంది, అదే సమయంలో డబ్బాలు తిరిగి స్ప్రింగు మరింత బిగుసుకుంటుంది, కాబట్టి బరువు ఎంత పెరిగితే పైకి లాగే బలమూ అంతే పెరుగుతూ పోతుంది. రాత్రి తలుపు దిగేటప్పుడు దాని బరువు ఇచ్చిన బలాన్నే స్ప్రింగు దాచిపెట్టి పొద్దున తిరిగి ఇస్తుంది.

మూడు స్ప్రింగుల్లో ఒకటి తెగినప్పుడు దాని వాటా ఎవరి మీద పడుతుంది? మిగిలిన రెండూ పంచుకుంటాయని నేను అనుకునేవాడిని, చాలామంది అలాగే అనుకుంటారు. అది పొరపాటు. షట్టరు పైకి పోయినా కిందికి వచ్చినా మిగిలిన స్ప్రింగులు మునుపు ఎన్ని చుట్లు తిరిగేవో ఇప్పుడూ అన్నే తిరుగుతాయి కనుక, అవి ఇచ్చే బలం మునుపటి కంటే రవ్వంత కూడా పెరగదు. తెగిన స్ప్రింగు మోసిన ముప్పై, ముప్పై అయిదు కిలోలు నేరుగా కొక్కెం పట్టుకున్న చేతిలోకి వస్తాయి. అది మామూలు మూటలాంటి బరువు కూడా కాదు. వంగిన నడుముతో మొదలుపెట్టి, తల పైకి చేతులు చాచేదాకా, మధ్యలో ఆపడానికి వీలు లేకుండా ఎత్తాల్సిన బరువు.

ముందటి సంవత్సరం దసరా వెళ్లిన కొత్తలోనే మా మనిషి నాతో చెప్పాడు: "సేటు, షట్టరు శానా బరువైంది, ఒక్కనితోని లేస్తలేదు." నేను గ్రీజు పెట్టమన్నాను. మళ్లీ రెండుసార్లు చెప్పిన తరువాత, అటుగా పోతున్న ఒక రిపేరు మనిషిని పిలిచాను. అతను రేకు కప్పు పూర్తిగా విప్పకుండానే నిచ్చెన మీద నిలబడి, పైపును రెండు చుట్లు అదనంగా బిగించి, అయిదు వందలు తీసుకొని వెళ్లిపోయాడు. షట్టరు ఆ రోజు నుంచి తేలికైంది. ఎంత తేలికైందంటే, సగం లేపగానే మిగిలిన సగం తనంతట తానే ఎగిరి పైన ధడేలున కొట్టుకునేది. అది బాగైన గుర్తని నేను సంతోషించాను. లోపల జరిగింది వేరు. అప్పటికే ఒక స్ప్రింగు తెగిపోయింది, దాని లోటు కనిపించకుండా చేయడానికి మిగిలిన రెండింటినీ వాటి ఓపికకు మించి బిగించారు, రోజూ ఆ ఎగురుడు దెబ్బకు అవి అదిరాయి, ఎనిమిది నెలలకు వాటిలో ఒకటి తెగింది. అయిదు వందలతో పని అయిపోయిందని సంబరపడినవాడిని నేనే కనుక, ఆ రిపేరు మనిషిని మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు. విప్పి చూడమని అతనికి చెప్పలేదు, విప్పితే ఎంత అవుతుందని అడగనూ లేదు.

నేను చెప్పదలచినది ఇదే. స్ప్రింగు పోయిన షట్టరును అలాగే నడిపించడం వల్ల మిగిలే డబ్బు మిగిలినది కాదు. దాన్ని పొద్దున, రాత్రి ఆ తలుపు లేపి దించే మనిషి నడుము చెల్లిస్తోంది. యజమాని తానే రోజూ తలుపు తీసేవాడైతే ఈ మరమ్మతు ఎనిమిది నెలలు ఆగదు, నాలుగు రోజులు కూడా ఆగదు. మా ఊళ్లో దుకాణాలను చూడండి: సేటు వచ్చేసరికి తలుపు తీసి, నీళ్లు చల్లి, అగరుబత్తి వెలిగించి ఉంటుంది. బరువు తెలిసిన చేతికి ఖర్చు పెట్టే అధికారం లేదు, ఖర్చు పెట్టే చేతికి బరువు తెలియదు. ఫ్యాక్టరీలలో దెబ్బ తగిలించేంత బరువును ఎవరితోనూ ఎత్తించరాదని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే తన 34వ సెక్షన్‌లో చెప్పింది. మన దుకాణాలు ఫ్యాక్టరీలు కావు నిజమే, కానీ వెన్నెముక అక్కడా ఇక్కడా ఒకటే.

విరిగిన దాన్ని వెల్డింగు చేయిస్తే సరిపోతుంది కదా అని అడిగేవారున్నారు, ఆ రోజు నేనూ అడిగాను. స్ప్రింగు ఉక్కును కాల్చి, చల్లార్చి, మళ్లీ తగినంత వేడి చూపించి పదును పెడతారు, ఆ పదునే దాని ప్రాణం. వెల్డింగు మంట తగిలిన చోట ఆ పదును పోతుంది, అతుకు పక్కన ఉక్కు కొంత పెళుసుగా, కొంత మెత్తగా మారుతుంది, వంగి లేచే ప్రతిసారీ బలం సరిగ్గా అక్కడే పడుతుంది. స్ప్రింగు పట్టీ కొనన వంచి ఉండే కొక్కెం దగ్గర మాత్రమే తెగితే, కొనను కాల్చి కొత్త కొక్కెం వంచడం చాలా చోట్ల చేసేదే. దాన్ని నేను పూర్తిగా తప్పనను, అత్యవసరంలో వారం పది రోజులు గడపడానికి పనికొస్తుంది. అయితే పట్టీ ఆ మేరకు పొట్టిదవుతుంది, పక్కవాటితో దాని బలం కలవదు, షట్టరు ఒక వైపుకు లాగడం మొదలుపెడుతుంది.

తెగినది ఒకటైతే అన్నీ ఎందుకు మార్చాలన్నది దీనికంటే గట్టి ప్రశ్న. స్ప్రింగు వయసును సంవత్సరాలలో కాక, ఎన్నిసార్లు ముడుచుకొని విప్పుకుందన్న లెక్కలో చూడాలి. పెద్ద గిడ్డంగులకు ఇప్పుడు వస్తున్న, పలకలు పలకలుగా మడతపడి పైకప్పు కిందికి జరిగే ఓవర్‌హెడ్ తలుపుల టార్షన్ (మెలితిప్పుడు) స్ప్రింగులకు, విదేశాల్లో ఆ లెక్క చెప్పే అమ్ముతారు. మామూలు రకానికి 10,000 సార్లు అన్నది అక్కడ వాడుకలో ఉన్న అంకె, వ్యాపార అవసరాలకు 25,000, 50,000, లక్ష దాకా పోయే రకాలూ దొరుకుతాయి. రోజుకు రెండుసార్లు తీసి మూసే దుకాణానికి 10,000 అంటే పదమూడు పద్నాలుగు సంవత్సరాలు. అదే రోజుకు నలభై లారీలు వచ్చి పోయే గిడ్డంగికి 250 రోజులు మాత్రమే. మన చుట్టుడు షట్టర్ల స్ప్రింగులు వేరే రకానివి, వాటికి ఈ అంకె వర్తించదు, కానీ సూత్రం మారదు. ఒకే రోజు బిగించిన మూడు స్ప్రింగులు ఒకేసారి లేచాయి, ఒకేసారి దిగాయి, అందుచేత ఒకటి అలసిపోయి తెగితే తక్కిన రెండూ అదే అంచున నిలబడి ఉన్నట్టు లెక్క. మిగిలినవి కిందటి సంవత్సరమే వేసినవైతే మార్చనక్కరలేదు, వాటినీ మార్చమని పట్టుబట్టే మేస్త్రిని కారణం అడగడంలో తప్పులేదు. మా షట్టరులో మూడూ దుకాణం పెట్టిన నాటివే.

మా వంటి దుకాణాలకు ఇంకొక శత్రువు ఉంది, దాన్ని మేస్త్రే వేలు పెట్టి చూపించాడు. డబ్బాల అడుగున తెల్లటి, గులాబీ రంగు పొడి తేమతో ముద్దయి పేరుకుంది. యూరియా గాలిలోని తడిని పీలుస్తుంది. పొటాష్ అని మేం అమ్మేది పొటాషియం క్లోరైడు, అందులోని క్లోరైడు తడితో కలిస్తే ఉక్కును ఒకే చోట గుచ్చి గుచ్చి తింటుంది. అలా పడిన చిన్న గుంట దగ్గరే పగులు మొదలవుతుంది. బస్తాలు ఎత్తి దించేటప్పుడు లేచే దుమ్ము పైకి పోయి అక్కడ కూర్చుంటుందని పందొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా నాకు తోచలేదు. మార్కెట్ దగ్గరి పత్తి, మిర్చి దుకాణాలకు నూగు, కారపు దుమ్ము బెడద ఉంటుంది. బండి నుంచి తీసిన పాత ఇంజన్ ఆయిల్‌ను గైడులలో పోసే అలవాటు ఉన్నచోట ఆ దుమ్ము జిగురై, షట్టరును ఇంకా బరువెక్కిస్తుంది. గైడులను పొడిగా తుడవాలి, గ్రీజు ఉండాల్సింది స్ప్రింగు పొరల మధ్య, బేరింగుల్లో.

మోటారు పెట్టించుకుంటే ఈ బాధ ఉండదు కదా అని పక్క దుకాణాల వారు అన్నారు. చిన్న షట్టర్లకు పైపు మధ్యలో బిగించే మోటారు స్ప్రింగుల సాయంతోనే లేపుతుంది, తూకం తప్పిన తలుపుకు దాన్ని తగిలిస్తే మనిషి మోస్తున్న లోటును అది మోస్తూ తొందరగా కాలిపోతుంది. పెద్ద తలుపులకు పక్కన బిగించే, బరువంతా గేరు, గొలుసుల మీద తీసుకునే మోటార్లు వేరు. లోహపు రోలింగ్ షట్టర్లకు ఉన్న భారత ప్రమాణం ఐ.ఎస్. 6248 కూడా చేత్తో లేపేవి, గేరుతో తిప్పేవి, కరెంటుతో నడిచేవి అని వైశాల్యాన్ని బట్టే విడదీసింది. వెడల్పు కోసం రెండు మడిగలు కలిపి ఒకే షట్టరు పెట్టించుకొని, గేరు ఖర్చు మిగుల్చుకోవడానికి దాన్ని చేత్తోనే లేపిస్తున్న చోట్లు మా రోడ్డులోనే కనిపిస్తాయి. అక్కడ స్ప్రింగు మాటిమాటికీ పోతుంటే స్ప్రింగును నిందించి లాభం లేదు.

ఇక మరమ్మతు ఎవరు చేయించాలన్న తగువు ఉంది, ఆలస్యానికి సగం కారణం అదే. కిరాయిదారు ఇది కట్టడంలో భాగం, ఓనరు చేయించాలంటాడు, ఓనరు వాడుకునేది నువ్వు కనుక నువ్వే చేయించుకో అంటాడు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, ఓనరు చేయించి తీరవలసిన మరమ్మతును నోటీసు ఇచ్చిన తరువాత తగిన సమయంలో చేయించకపోతే, కిరాయిదారు తానే చేయించి ఆ ఖర్చును వడ్డీతో సహా కిరాయిలో పట్టుకోవచ్చు. చేయించి తీరవలసినది ఏదన్నది కిరాయినామాలో ఉండాలి. మన కిరాయినామాల్లో అడ్వాన్సు, కరెంటు బిల్లు, ఏటా పెంచే శాతం ఉంటాయి, షట్టరు మాట ఉండదు. నేను ఈ సంవత్సరం కొత్త కాగితం రాసుకున్నప్పుడు ఒక వాక్యం చేర్పించాను: స్ప్రింగులు, పైపు, బేరింగుల మార్పు ఓనరుది, ఏటా శుభ్రం చేయించి గ్రీజు పెట్టించడం నాది, తలుపు బరువెక్కిందని రాతపూర్వకంగా తెలిపిన వారం లోపల పని మొదలు కావాలి. మా ఓనరు చదివి, పెద్ద అభ్యంతరం చెప్పకుండానే సంతకం పెట్టాడు. అడగకపోవడమే ఇన్నాళ్ల లోపం.

ఆ రోజు మేస్త్రి మూడు కొత్త స్ప్రింగులు వేసి, సాయంత్రం దీపాలు పెట్టే వేళకు చుట్టను పైకి ఎక్కించాడు. పైపును పానాతో తిప్పుతూ చుట్లు లెక్కపెట్టి, క్లాంపు బిగించి, తాళ్లు విప్పించాడు. తరువాత షట్టరును మోకాలి ఎత్తులో వదిలాడు, నడుము ఎత్తులో వదిలాడు, తల ఎత్తులో వదిలాడు. మూడు చోట్లా అది వదిలిన దగ్గరే నిలబడింది, జారలేదు, ఎగరలేదు. తూకం సరిపోయిందని తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి పరీక్ష లేదన్నాడు. పరీక్ష ఎవరైనా చేయవచ్చు, పక్కకు నిలబడి, కింద ఎవరూ లేకుండా చూసుకొని చేయాలి. క్లాంపు బోల్టును మాత్రం పని తెలియనివారు ముట్టుకోకూడదు, దానిలో బిగిసి ఉన్న బలం పానాను తిప్పి కొడితే చెయ్యి మిగలదు. అతను అడిగిన కూలిలో ఒక్క రూపాయి కూడా నేను తగ్గించమనలేదు. ఆ ముంజేతి గాటు చూసిన తరువాత బేరం ఆడటానికి నోరు రాలేదు.

దసరాకు ఆయుధ పూజ నాడు షట్టరుకు పసుపు, కుంకుమ బొట్లు పెట్టి, నిమ్మకాయలు కట్టి, కొబ్బరికాయ కొట్టడం మా ఇంటి ఆచారం. ఈసారి పూజకు ముందు రోజే మేస్త్రిని పిలిపించి రేకు కప్పు తీయించాం. అప్పటికే ఒక డబ్బాలో పలుచగా తెల్ల పొడి కనిపించింది. తుడిపించి, కొత్త గ్రీజు పెట్టించి, బస్తాలు దించే చోటును ముందు గది నుంచి వెనక గదికి మార్చాను. మా మనిషి ఇప్పుడు షట్టరును ఎడమ చేత్తోనే లేపుతున్నాడు. కుడి భుజం చలికాలంలో ఇంకా పట్టేస్తుందట.

మాకు నాలుగు దుకాణాల అవతల ఒక గోదాము ఉంది. అక్కడ రోజూ పొద్దున ఇద్దరు మనుషులు చెరో పక్కన వంగి, ఒకరికొకరు చెప్పుకొని తలుపు లేపుతారు, లేపాక కింద ఒక ఇనుప కడ్డీ ఆనిస్తారు. ఆ సేటుతో ఇప్పటికి రెండుసార్లు మాట్లాడాను, ఓనరు చేయించాలని రెండుసార్లూ అదే జవాబు చెప్పాడు. మొన్న మేస్త్రికి ఫోను చేసి, వచ్చే ఆదివారం ఈ వైపు వస్తే ఒకసారి ఆ గోదాము దాకా నాతో రమ్మని అడిగాను. విరిగిన ఆ రెండు ముక్కలు నా గల్లా పెట్టెలోనే ఉన్నాయి, వాటినీ తీసుకుపోతాను.